సాఫ్ట్‌వేర్ పెట్టెలు ఏమైపోయాయి?

1995లో విండోస్ 95 కొంటే అట్టపెట్టె చేతికొచ్చేది. లోపల సీడీ, లేదంటే 13 ఫ్లాపీలు! ఒకటి తీసి ఇంకొకటి పెడుతూ కూర్చోవాలి.

అప్పుడే నెట్‌లో ఎందుకు పంపలేదు? దారి మరీ ఇరుకు. ఆ తర్వాత వచ్చిన సెకనుకు 56 కిలోబిట్ల మోడెమ్‌తో అయినా 650 మెగాబైట్ల సీడీ సరుకు దిగడానికి ఒక రోజు పైనే పడుతుంది. మధ్యలో ఫోన్ లైన్ తెగిందా, గోవిందా! 100 మెగాబిట్ల బ్రాడ్‌బ్యాండ్‌కి అది నిమిషం పని.

2003లో వాల్వ్ అనే ఆటల కంపెనీ, ఆటలను నెట్‌లో దింపే స్టీమ్ సేవను తెచ్చింది. మరుసటి ఏడాది హాఫ్-లైఫ్ 2 ఆటను డిస్కులో కొన్నవాళ్లూ స్టీమ్‌లో ఖాతా తెరవాల్సి వచ్చింది. చాలామందికి ఒళ్లు మండింది. కోపం న్యాయమే.

డౌన్‌లోడ్ ఎలా జరుగుతుంది? స్టీమ్ లాంటివి ఆటను ముక్కలుగా దింపుతాయి. ప్రతి ముక్కకూ లెక్కగట్టిన ఓ గుర్తు సంఖ్య ఉంటుంది. అది సరిపోలకపోతే ఆ ముక్కనే మళ్లీ తెప్పిస్తాయి. అందుకే కరెంటు పోయినా కథ మొదటికి రాదు.

కంపెనీలకు డిస్కుల ఖర్చు, లారీ కిరాయి మిగిలాయి. తప్పులుంటే తర్వాత అప్‌డేట్‌తో దిద్దుకోవచ్చు. మనకు పోయిందీ ఉంది: ఆడేసిన డిస్కును స్నేహితుడికి ఇచ్చేయొచ్చు, అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ ఆట మాత్రం సాధారణంగా మన ఖాతాకే కట్టుబడి ఉంటుంది.