పాట కోసం పాట పాడితే...!

చీటీపాట, చేపల చెరువు పాట, వినాయకుడి లడ్డూ పాట... గోదావరి జిల్లాల కుర్రకారుకి వేలం కొత్తేం కాదు. ‘ఒకటోసారి... రెండోసారి...’ అంటుంటే గుండె దడదడలాడ్డం అందరికీ తెలిసిన సరదాయే! కానీ పాట పాడేవాడు రాజమండ్రిలో, సరుకు జర్మనీలో ఉంటే?

‘మూగమనసులు’ (1964), ‘సాక్షి’ (1967), ‘అందాల రాముడు’ (1973)... గోదావరి ఒడ్డున తీసిన సినిమాలు ఎన్నని! వాటి పాటల రికార్డులూ, వాల్‌పోస్టర్లూ ఇక్కడ చాలామటుకు చెదల పాలయ్యాయి. ఇప్పుడు పాత తెలుగు రికార్డు ఏదైనా విదేశాల్లో, ‘ఈబే’ లాంటి వేలం సైట్లో తేలిందంటే అభిమాని ఆగగలడా? 1995లో ఆ సైటు మొదలైనప్పుడు పాడైపోయిన లేజర్ పాయింటరే 14 డాలర్ల 83 సెంట్లు పలికిందట. ‘శంకరాభరణం’ రికార్డు ఊరికే వస్తుందా మరి! ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది గనక పరాయి సైట్లోనే పాడుకోవాలి.

సరే, మనవాడు 40 డాలర్లకి పాట గెలిచాడనుకుందాం. అమ్మినాయన ‘డబ్బు బ్యాంకులో వెయ్యి’ అన్నాడు. 1980లో, ‘శంకరాభరణం’ ఆడుతున్న రోజుల్లో అయితే పది డాలర్లు పంపాలన్నా రిజర్వు బ్యాంకు అనుమతుల గొడవే. 1973 నాటి ‘ఫెరా’ చట్టం అంత గట్టిది! 2000 జూన్ 1 నుంచి ‘ఫెమా’ వచ్చి దారి తెరిచింది. సొంతానికి తెప్పించుకునే వస్తువుకి దిగుమతి కోడ్ అక్కర్లేదు. పాన్ కార్డు, వేలం బిల్లు పట్టుకుని విదేశీ మారకం చూసే బ్రాంచికి వెళ్ళాలి. వీధి చివరి బ్రాంచి వాళ్ళు ‘ఇక్కడ కాదు, పెద్ద బ్రాంచికి వెళ్ళండి’ అన్నా ఆశ్చర్యం లేదు.

డబ్బు విమానమెక్కి పోదండోయ్! బెల్జియంలో 1973లో పుట్టిన ‘స్విఫ్ట్’ సంస్థ మోసేది కబురు మాత్రమే. మన బ్యాంకుకీ అవతలి బ్యాంకుకీ నేరుగా లెక్కలు లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు దూరి, తన వాటా కోసుకుంటుంది. మీరు 40 పంపితే ఆయనకి అంతకంటే తక్కువ ముడుతుంది. ‘బాకీ ఉన్నావు’ అంటాడాయన! అందుకే ఫారంలో ఖర్చులన్నీ పంపేవాడివే అనే ‘అవర్’ పద్ధతి అడగాలి. ‘షా’ అంటే ఖర్చులు ఇద్దరూ పంచుకునే బాపతు. జర్మనీ ఖాతాకి 22 అక్షరాల ‘ఐబాన్’ నంబరుంటుంది. అమెరికాలో ఐబాన్ లేదు, తొమ్మిదంకెల రూటింగ్ నంబరు రాయాలి. ఇంతా చేస్తే ఒక్క రికార్డుకి చార్జీలే తడిసి మోపెడు... చారాణా కోడికి బారాణా మసాలా!

ఇక విలన్ ప్రవేశం. ‘సైటు సంగతి ఎందుకు బ్రదర్, నేరుగా నా ఖాతాలో వెయ్యి, పది డాలర్లు తగ్గిస్తా’ అంటాడు. వలలో పడ్డారో, నెల జీతం గోదాట్లో కలిసినట్టే! కార్డు మీద కడితే ఫిర్యాదు చేసి పోరాడొచ్చు. బ్యాంకు బదిలీ ఒకసారి అవతలి ఖాతాలో పడ్డాక, ఆయన ఒప్పుకుంటే తప్ప వెనక్కి రావడం కష్టం. సైటు బయట కట్టిన డబ్బుకి ఈబే హామీ వర్తించదు. అమ్మేవాడి పేరొకటి, ఖాతా పేరొకటి అయినా, మధ్యలో ‘ఖాతా మారింది’ అని మెయిల్ వచ్చినా అక్కడే ఆగిపోండి. పేరున్న వేలం సంస్థలు కూడా బ్యాంకు బదిలీ అడుగుతాయి, అది మామూలే. కానీ మెయిల్లోని నంబరుకి కాక, వాళ్ళ కేటలాగులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి ఖాతా సరిచూసుకోవాలి. పాట ధర మీద వాళ్ళ కమీషన్ అదనం, ముందే లెక్కేసుకోండి.

‘గిఫ్ట్ అని రాసి పంపించండి, కస్టమ్స్ తప్పుతుంది’ అనే సలహాదారులూ ఉంటారు. అయిదు వేల రూపాయల లోపు కానుకలకి ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది. పైగా అబద్ధం రాయించడం నేరం. సుంకం కట్టి పార్సిల్ విప్పాక, రికార్డు మోజులో పడి ఆ కస్టమ్స్ కాగితం పారెయ్యకండి. సరుకు వచ్చిందనడానికి బ్యాంకు వాళ్ళు అడిగేది దాన్నే!