నలుపు మిగిల్చే మెరుపు

1906 జూలై సంచికలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఒకే మనిషి తీసిన 74 ఫొటోలు వేసింది. అన్నీ అడవి జంతువులవే. వాటిలో బాగా పేరొచ్చినవి రాత్రిపూట తీసినవి. తీసినాయన జార్జ్ షైరస్. వృత్తికి లాయరు, అంతకు ముందు ఏడాది దాకా అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. మిషిగన్ రాష్ట్రంలోని వైట్‌ఫిష్ సరస్సు మీద చిన్న పడవలో, ముందు భాగాన దీపం పెట్టుకుని, తెడ్డు చప్పుడు కాకుండా ఒడ్డు వెంబడి సాగేవాడు. నీళ్ల దగ్గరికి వచ్చిన జింక ఆ దీపం వంక చూస్తూ కదలకుండా నిలబడిపోయేది. అప్పుడు మెగ్నీషియం పొడి భగ్గుమనేది. రాత్రి వేటకు పడవ ముందు నిప్పు పెట్టుకెళ్లే ఒజిబ్వే తెగ వాళ్ల పద్ధతి నుంచి తీసుకున్న ఉపాయం ఇది.

ఆ ఫొటోల్లో జింక వెలిగిపోతుంటుంది, దాని నీడ నీళ్లలో తలకిందులుగా మెరుస్తుంటుంది. వెనకాల మాత్రం దట్టమైన అడవి ఉన్న ఆనవాలే లేదు. చెట్టు లేదు, ఆకాశం లేదు, ఒట్టి నలుపు. ఆ నలుపు కోసం షైరస్ ఏమీ చేయలేదు. అది దానంతటదే వచ్చింది.

ఇంచుమించు అదే పొడితో, అంతకు ఇరవై ఏళ్ల లోపు ముందు, న్యూయార్క్‌లో జేకబ్ రీస్ తీసిన ఫొటోలు పక్కన పెట్టి చూడాలి. డెన్మార్క్ నుంచి వలస వచ్చి పోలీసు వార్తలు రాసుకునే విలేకరి ఆయన. 1887లో జర్మనీలో మీథె, గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేట్, ఆంటిమొని సల్ఫైడ్ కలిపి, అంటించగానే రెప్పపాటులో మండిపోయే మిశ్రమం తయారుచేశారు. ఆ కబురు పేపర్లో చదివి రీస్ ఎగిరి గంతేశాడు. పేదల ఇరుకు గదులు పగలు కూడా చీకటే. వాటి సంగతి లోకానికి చూపించడానికి ఆయనకు దారి దొరికింది. మొదట్లో పొడిని పిస్తోలు లాంటి పరికరంతో పేల్చేవాడు. అర్ధరాత్రి తలుపు తోసుకుని పిస్తోలుతో వచ్చిన మనిషిని చూసి జనం కిటికీల్లోంచి దూకుతుంటే, పిస్తోలు మానేసి పెనంలో పొడి పోసి అంటించడం మొదలుపెట్టాడు. రెండుసార్లు ఇంటికి, ఒకసారి తన ఒంటికి నిప్పంటించుకున్నానని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు.

బేయర్డ్ వీధిలో తలకు ఐదు సెంట్లు తీసుకుని పడుకోనిచ్చే గది ఫొటో ఒకటుంది. నిద్ర కళ్లతో లేచిన మనుషులు కనిపిస్తారు, వాళ్లతోపాటు గోడలు, మూటలు, వంట సామాను, పక్కబట్టల మురికి కూడా. నలుపుకు అక్కడ చోటే లేదు. షైరస్ పొడికీ రీస్ పొడికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా వెనకాల గోడ ఎంత దూరంలో ఉందన్నదాంట్లో ఉంది.

రాత్రి ఫ్లాష్ ఫొటోలో వెనకాల నల్లబడాలంటే మొదట తెలియాల్సింది ఇదే. వెలుగు దూరం పోయేకొద్దీ పలచబడుతుంది, అదీ దూరం వర్గానికి విలోమంగా. ఫ్లాష్‌కు 2 మీటర్లలో ముఖం, 3 మీటర్లలో గోడ ఉంటే ముఖం మీద పడే వెలుగులో దాదాపు సగం గోడకూ అందుతుంది. గోడ మీది మేకు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అదే గోడ 8 మీటర్లలో ఉంటే పదహారో వంతే, 16 మీటర్లలో ఉంటే అరవై నాలుగో వంతే. ఫొటోలో ఆ చివరిది నలుపు కిందే లెక్క. అంటే మనిషిని గోడకు ఆనించి నిలబెట్టి ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా ఉపయోగం లేదు. నాలుగడుగులు ముందుకు రమ్మనాలి, మనం కూడా దగ్గరికి జరగాలి.

అప్పట్లో నలుపు తేలిగ్గా రావడానికి ఇంకో కారణం, ఫొటో పడే గాజు ప్లేట్లు మందకొడివి. వీధి దీపాల వెలుగును పట్టుకునే ఓపిక వాటికి లేదు. కాబట్టి పొడి మండిన ఆ క్షణమే ఫొటో మొత్తం.

పొడికి పొగ, మంట, ప్రమాదం తప్పవు. దాన్ని గాజులో బంధించింది 1929లో జర్మనీలో అమ్మకానికొచ్చిన ఫ్లాష్ బల్బు. లోపల పలచటి అల్యూమినియం రేకు, ఆక్సిజన్. కరెంటు తగలగానే రేకు మండిపోతుంది. ఒక బల్బుకు ఒకే ఫొటో. తర్వాత వేళ్లు కాలకుండా తీసి పారేయడమే. ఈ బల్బులు జేబులో పోసుకుని న్యూయార్క్ వీధుల్లో తిరిగిన మనిషి వీజీ. అసలు పేరు ఆర్థర్ ఫెల్లిగ్. 1938 నుంచి కారులో పోలీసు రేడియో పెట్టుకుని, హత్య జరిగిన చోటికి కొన్నిసార్లు పోలీసుల కంటే ముందే చేరేవాడు. ఆయన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా సెట్టింగులు ఎప్పుడూ ఒకటే: ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/16, షట్టర్ సెకనులో 200వ వంతు, ఫోకస్ పది అడుగులు. ఆలోచించే పని పెట్టుకోలేదు.

ఈ అంకెల్ని ఈనాటి ఫొటోగ్రాఫర్ చూస్తే నవ్వొస్తుంది. వెలుగు పట్టే సున్నితత్వం 200 ఐ.ఎస్.ఓ. ఉంటే మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టుకునే సెట్టింగది! దాన్ని అర్ధరాత్రి వాడితే వీధి దీపాలకు ఇక దిక్కేముంది? పది అడుగుల దూరంలో ఉన్న దొంగ ముఖం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అతని వెనకున్న మన్‌హాటన్ మాయమైపోతుంది. వీజీ ఫొటోల్లో ఊరంతా ఒక చీకటి గుహలా అనిపించడానికి ఆయన చూపు సగం కారణమైతే, ఆ ఎపర్చర్, షట్టర్ అంకెలు మిగతా సగం.

బల్బు మండడానికి సెకనులో కొన్ని వందో వంతులు పట్టేది. షట్టర్ వేగం పెంచితే బల్బు వెలుగును కూడా కొంత కత్తిరించినట్టే. వీధి వెలుగునూ ఫ్లాష్ వెలుగునూ విడదీసి, దేని పాళ్లు దానికి విడిగా నిర్ణయించుకునే వీలు రావాలంటే ఇంకా పొట్టి మెరుపు కావాలి. దాన్నిచ్చింది హెరాల్డ్ ఎడ్జర్‌టన్. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరు. తిరిగే మోటార్లు నిలిచి ఉన్నట్టు కనిపిస్తే వాటి నడత చదవొచ్చని 1931 నాటికి ఎలక్ట్రానిక్ స్ట్రోబ్ తయారుచేశాడు. కెపాసిటర్‌లో నింపిన విద్యుత్తును వాయువు నింపిన గాజు గొట్టంలోకి ఒక్కసారిగా వదలడం, అంతే. ఈనాడు పెళ్లి ఫొటోగ్రాఫర్ కెమెరా నెత్తిన కూర్చున్న ఫ్లాష్‌లో ఉన్నదీ ఇదే: జెనాన్ గొట్టం, కెపాసిటర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇలాంటి భారీ ఫ్లాష్‌ను విమానానికి బిగించి రాత్రిపూట శత్రుభూమిని ఫొటో తీశారు. ఆ పరీక్షల్లో 1944లో ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ రాళ్ల మీద ఎడ్జర్‌టన్ మెరుపు మెరిపించిన ఫొటో ఒకటి ఉంది. పొలాల చీకటి మధ్య రాళ్ల వలయం, పొడవాటి నీడలు.

ఈ మెరుపు సెకనులో వెయ్యో వంతు, అంతకంటే తక్కువ సేపే ఉంటుంది. షట్టర్ ఎంతసేపు తెరిచినా ఫ్లాష్ ఇచ్చేది ఇస్తుంది, వెళ్లిపోతుంది. సన్నగా కారుతున్న కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. మధ్యలో ఎవరో ఒక చెంబు నీళ్లు గుమ్మరించారు. బిందెను ఎక్కువసేపు ఉంచితే కుళాయి నీళ్లు పెరుగుతాయి, చెంబు నీళ్లు పెరగవు. ఆ కుళాయి నీళ్లే వీధి దీపాలు, దుకాణాల బోర్డులు, సీరియల్ సెట్లు. షట్టర్ సెకనులో 15వ వంతు నుంచి 200వ వంతుకు మార్చితే వెనకటి దీపాలు పదమూడో వంతుకు పడిపోతాయి, ముఖం మాత్రం ఉన్నట్టే ఉంటుంది. చేసిన పని ఒక చక్రం తిప్పడం.

మరి ఇంకా తిప్పొచ్చు కదా, 1000కి, 4000కి? అక్కడ కెమెరా లోపలి తెరలు అడ్డుపడతాయి. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరాల్లో షట్టర్ రెండు తెరల జత. మొదటిది తెరుచుకుంటూ పోతే రెండోది మూసుకుంటూ వెంటపడుతుంది. వేగం ఒక హద్దు దాటితే ఫిల్ము మొత్తం ఒకేసారి తెరిచి ఉండే క్షణమే ఉండదు. సన్నటి సందు మాత్రం పరుగెత్తుతుంది. అప్పుడు ఫ్లాష్ మెరిస్తే ఫొటోలో ఒక పట్టీకే వెలుగు. ఆ హద్దే సింక్ స్పీడ్. విద్యార్థుల కెమెరాగా పేరుపడిన పెంటాక్స్ కె1000కు అది సెకనులో 60వ వంతు. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2 దాన్ని 200వ వంతుకు, కొద్దికాలానికే 250వ వంతుకు తెచ్చింది. 1986లో ఒలింపస్ ఇంకో దారి తొక్కింది: తెరల సందు పరుగెత్తినంతసేపూ ఫ్లాష్ టకటకా మెరుస్తూనే ఉంటుంది. దీన్నే ఇప్పుడు హైస్పీడ్ సింక్ అంటున్నాం.

హైస్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్ కొంటే రాత్రి నేపథ్యం ఇంకా నల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. పొరపాటు. అలా టకటకా మెరిసేటప్పుడు ఫ్లాష్ కూడా కుళాయి అయిపోయింది. షట్టర్ వేగం పెంచితే వీధి వెలుగుతోపాటు అదీ తగ్గుతుంది, నిష్పత్తి మారదు. ఆ సరుకు పట్టపగటి ఎండకు పనికొస్తుంది. రాత్రికి పనికొచ్చేది సింక్ స్పీడు దగ్గర ఆగి, ఎపర్చర్ బిగించి లేదా ఐ.ఎస్.ఓ. తగ్గించి, ఫ్లాష్ బలం పెంచడం. లేదా ఫ్లాష్‌ను దగ్గరికి తేవడం.

దగ్గరికి తేవడంలో ఎంత లాభముందో పాతకాలం ఫ్లాష్ వీపు మీది పట్టిక చెబుతుంది. 100 ఐ.ఎస్.ఓ.కు గైడ్ నంబర్ 32 అనుకుందాం. దాన్ని దూరంతో భాగిస్తే ఎపర్చర్ వస్తుంది: 4 మీటర్లకు ఎఫ్/8, 2 మీటర్లకు ఎఫ్/16. నాలుగు నుంచి రెండు మీటర్లకు జరిగితే ఎపర్చర్ రెండు స్టాపులు బిగుస్తుంది కాబట్టి వీధి దీపాలు నాలుగో వంతవుతాయి. మనిషికి 12 మీటర్ల వెనకున్న గోడకు ముందు ఫ్లాష్ వెలుగులో పదహారో వంతు అందేది, ఇప్పుడు నలభై తొమ్మిదో వంతే. రెండు రకాల వెలుగూ ఒక్క దెబ్బకు తగ్గాయి. ఫ్లాష్‌ను కెమెరా మీంచి తీసి పక్కన ఎవరి చేతికైనా ఇస్తే కెమెరా కదలకుండానే ఈ లాభం దక్కుతుంది. పైగా ఆ వెలుగు వెనకాల గోడ వైపు కాకుండా పక్కకు పోయేలా తిప్పుకోవచ్చు.

ఫ్లాష్ తయారీదారులు మాత్రం ఈ నలుపును ఎప్పుడూ జబ్బులాగే చూశారు. 1960ల్లో హనీవెల్ తెచ్చిన ఆటో ఫ్లాష్ తిరిగొచ్చిన వెలుగును కొలిచి తనంతట తానే ఆరిపోయేది. 1970ల్లో ఒలింపస్ ఓఎం-2 ఆ కొలతను లెన్స్ గుండా వచ్చిన వెలుగుతో కెమెరా లోపలే చేసింది. మంచి సౌకర్యమే. కానీ ఫ్రేములో ఎక్కువ భాగం చీకటైతే యంత్రం వెలుగు చాల్లేదనుకుని ఇంకా కుమ్మరిస్తుంది, ముఖం సున్నం కొట్టినట్టవుతుంది. ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను మైనస్‌లోకి తెచ్చేది అందుకే. ఇక ఎపర్చర్ ప్రయారిటీలో పెడితే చాలా కెమెరాలు వీధి దీపాలను కూడా చూపించాలని ఉబలాటపడి షట్టర్‌ను నెమ్మదింపజేస్తాయి. నలుపు కావాలనుకున్నవాడికి వీజీ లాగా మాన్యువల్ తప్ప గత్యంతరం లేదు. ఈ యంత్రం ఎదుగుదలంతా ఒక వైపు, ఈ ఒక్క కోరిక ఇంకో వైపు అనిపిస్తుంది నాకు.

రాత్రిని శత్రువు అనుకోని ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. విన్‌స్టన్ లింక్ 1955 నుంచి 1960 వరకు అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే చివరి ఆవిరి ఇంజన్లను ఎక్కువగా రాత్రిపూటే తీశాడు. సూర్యుణ్ణి జరపలేం, పట్టాలనూ జరపలేం, చీకట్లో అయితే వెలుగెక్కడ పడాలో నేనే చెప్పొచ్చు అన్నది ఆయన వాదం. 1956లో వెస్ట్ వర్జీనియాలో ఆరుబయట కార్లలో కూర్చుని సినిమా చూసే చోట, వెనక నుంచి రైలు దూసుకుపోతుండగా తీసిన ఫొటో ప్రసిద్ధం. నలభైకి పైగా బల్బులు ఒకేసారి వెలిగాయి. ఆ వెలుగుకు తెర మీది సినిమా బొమ్మ వెలిసిపోయింది. తెర మీద కనిపించే విమానాన్ని ఆయన తర్వాత వేరే నెగెటివ్ నుంచి అతికించాడు.

మన పెళ్లిళ్లలో కోరిక సరిగ్గా ఈ నలుపు కోరికకు తలకిందులు. ముహూర్తం ఏ అర్ధరాత్రో ఉంటుంది. లక్షలు పోసి కట్టించిన మంటపం ఫొటోలో నల్లగా వస్తే ఊరుకునే పెళ్లి పెద్ద ఉంటాడా? అందుకే అక్కడ షట్టర్ నెమ్మదిస్తుంది, ఐ.ఎస్.ఓ. పైకెళ్తుంది. నలుపు విద్య తెలిసినవాడు కూడా అప్పగింతలయ్యాక, ఆరుబయట వధూవరుల్ని విడిగా నిలబెట్టినప్పుడే దాన్ని బయటికి తీస్తాడు.

ఫోన్‌తో మాత్రం ఈ పని కష్టం. అందులో ఉన్నది జెనాన్ గొట్టం కాదు, ఎల్.ఇ.డి. దీపం. ఫొటో తీసినంతసేపూ వెలిగి ఉంటుంది, బలమూ తక్కువ. షట్టర్‌తో విడదీయడానికి అక్కడ వీలే లేదు. పైగా నైట్ మోడ్ వరసగా చాలా ఫ్రేములు తీసి, కలిపి, చీకట్లో ఉన్నదంతా బయటికి లాగుతుంది. దాన్ని ఆపేసి, మనిషిని గోడకు దూరంగా జరిపి, ఒక మీటరు దగ్గరికి వెళ్లి, తెర మీద ముఖాన్ని తాకి వెలుగును కిందికి లాగితే కొంత నయం.

పూర్తి నలుపు సాధించాక ఇంకో చిక్కు. మన జుట్టు నలుపు. ముందు నుంచి ఒక్క ఫ్లాష్ కొడితే జుట్టు నేపథ్యంలో కలిసిపోయి, ముఖం ఒక్కటే గాల్లో తేలుతుంది. స్టూడియో వాళ్లు మనిషి వెనక, ఫ్రేములో పడకుండా, ఇంకో చిన్న ఫ్లాష్ తల వైపు తిప్పి పెడతారు. భుజాల మీద, జుట్టు అంచున సన్నటి గీత వస్తుంది. రెండో ఫ్లాష్ లేనప్పుడు వీధి దీపాన్నే ఆ పనికి వాడుకోవచ్చు. దీపం సరిగ్గా తల వెనకాల వచ్చేలా నిలబెట్టి, షట్టర్‌ను 200వ వంతు నుంచి 60వ వంతు దాకా మెల్లగా దించుతూ పోతే, ఎక్కడో ఒకచోట వీధి ఇంకా నల్లగానే ఉండి జుట్టు అంచు మాత్రం విడిపడుతుంది.