కొత్తపట్నము సముద్రతీరమున ఛాయాచిత్రములు తీయుట

కొన్నియేండ్ల క్రిందట పై తరగతి విద్యార్థులను కొత్తపట్నము సముద్రతీరమునకు తీసికొనిపోయితిమి. ప్రొద్దుననే వారందరును సముద్రమునకు వీపులు త్రిప్పి వరుసగా నిలువగా నేనే ఛాయాచిత్రమును తీసితిని. సముద్రమును ఆకాశమును మిక్కిలి చక్కగా వచ్చినవి. ముఖములు మాత్రము బొగ్గువలె నుండెను. ఒక బాలుని తల్లి ఆ పటమును చేతబట్టుకొని, "మాష్టరుగారూ, వీరిలో మావాడేడండీ?" అని అడిగినది. చొక్కానుబట్టి యైనను చెప్పలేకపోతిని. మరల తీయుదమన్న, అప్పటికే ఆ తరగతి చెదరిపోయినది.

తప్పు నాదే, దిక్కును గమనింపనైతిని. బంగాళాఖాతము మనకు తూర్పున నున్నందున ఉదయకాలపు వెలుతురు నీటిమీదుగానే వచ్చును. అప్పుడు సముద్రమునకు ఎదురుగా తీసినచో మనుష్యులును పడవలును నల్లని ఆకారములుగా మాత్రమే పడును. వల విసరు జాలరి భంగిమ కావలసినప్పుడు అదియు సొగసే. ముఖములు కావలెనన్నచో, తీయువాడే నీటివైపున నిలిచి వారిని తూర్పుముఖముగా నిలుపవలెను. అయితే అతడు అలలకు వీపు చూపుచున్నాడు గదా! నీటిలో దిగరాదు, అలలను కనిపెట్టి యుండుటకు మరియొకనిని నియమింపవలెను.

సముద్రమే వెనుక నుండవలెనన్నచో సాయంకాలము పోవుట మేలు. అప్పుడు వెలుతురు ఊరివైపునుండి వచ్చి ముఖములమీద పడును. గోవా, కేరళ తీరముల పటములను చూచిన పిల్లలు కొందరు ఇక్కడను సూర్యుడు సముద్రములో క్రుంకునని కాచుకొని యుందురు. మనకు ఆ క్రుంకుట వెనుకవైపున జరుగును! మధ్యాహ్నము మంచిది కాదు. మే మాసపు తొలిదినములలోను ఆగష్టు 10 ప్రాంతమునను సూర్యుడు ఒంగోలులో సరిగా నడినెత్తికి వచ్చును. కనుగుంటలలో నల్లని నీడలు పడును.

ఇక ఇసుక సంగతి. కెమెరాలో వెలుతురును కొలుచు సాధనము తన యెదుటి దృశ్యమంతయు సగటున బూడిదవన్నె గలదని లెక్కగట్టును. ఎండలో మెరయు ఇసుకయు తెల్లని నురుగును మెండుగా నున్నచోట, వెలుతురు అధికమైనదని భ్రమించి తగ్గించివేయును. అందుచేతనే ఇసుక మురికిగాను, ముఖములు మబ్బుగాను వచ్చుచున్నవి. కావున కెమెరాలో ఒకటి, ఒకటిన్నర మెట్లు వెలుతురు హెచ్చింపవలెను. నేటి సెల్‌ఫోనులలో ముఖముమీద వ్రేలు నుంచినయెడల చాలవాటిలో ప్రక్కన చిన్న సూర్యుని గుర్తు కనబడును. దానిని కొంచెము పైకి జరిపిన చాలును.

నీరును ఆకాశమును కలియు గీత వాలినచో సముద్రమంతయు ఒకప్రక్కకు ఒలికిపోవుచున్నట్లుండును. ఆ గీత మనిషి మెడకు సరిగా వచ్చినచో కంఠమును కోసినట్లుండును. మోకరించి తీసిన అది క్రిందికి దిగును.

ఉప్పుగాలికి కెమెరా అద్దము మసకబారును. దానిమీద ఇసుకరేణువు లుండగా పైపంచెతో రుద్దువారిని చూచిన నాకు ఒడలు జలదరించును. మొదట గాలిబుడ్డితో ఊది, పిమ్మట మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను.

వలలు లాగుచున్నవారిని అడుగకయే తీయరాదు. వారు తమ పనిలో నున్నారు. అడిగి తీసినచో పటమును వారికిని చూపవలెను; తమ ముఖములు తేటగా వచ్చినవో లేదో వారే మొదట చెప్పుదురు.