కాగడాల సరస్సు

ఏప్రిల్ నెల. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన చలికాలమంతా గడ్డకట్టి ఉన్న సరస్సులు కరుగుతుంటాయి. చీకటి పడగానే ఒడ్డుకి చిన్న చిన్న పడవలు చేరతాయి. ఒకరు ఇంజిన్ దగ్గర కూర్చుంటే మరొకరు తలకి దీపం పెట్టుకుని, పొడవాటి బల్లెంతో ముందు నిలబడతారు. రాళ్లున్న లోతులేని నీళ్లలో వెలుగు పడగానే చుక్కల్లా ఏవో తళుక్కుమంటాయి. అవి వాలై చేప కళ్లు!

చీకట్లోనూ చూడగలిగేలా ఆ చేప కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. రాత్రిపూట పిల్లి కళ్లు మెరిసినట్టే అవీ మెరుస్తాయి. గుడ్లు పెట్టడానికి వాలైలు ఒడ్డుకి వచ్చే ఆ కొద్ది రోజులే ఓజిబ్వే తెగవాళ్లకి వేటకాలం. బల్లేనికి చిక్కేవాటిలో ఎక్కువ మగచేపలే.

పూర్వం ఈ వేటకి చెట్టుబెరడుతో చేసిన కాగడాలు వాడేవారు. నీళ్లమీద కదిలే ఆ మంటల్ని చూసే ఫ్రెంచివాళ్లు ఓ ఊరికి 'లాక్ డు ఫ్లాంబో' అని పేరుపెట్టారు. అంటే కాగడాల సరస్సు. ఇప్పుడు కాగడాల స్థానంలో బ్యాటరీ దీపాలొచ్చాయి. వేట మాత్రం అదే.

అయితే, ఈ వేటని నిలబెట్టుకోవడానికి ఓజిబ్వేలు పడ్డ పాట్లు అన్నీఇన్నీ కావు. పైన్ కలప, రాగి గనుల కోసం అమెరికా ప్రభుత్వం 1837, 1842 ఒప్పందాలతో వాళ్ల నేలను తీసుకుంది. నేల ఇచ్చినా అక్కడ వేటాడే, చేపలు పట్టే హక్కు తమదేనని తెగ పెద్దలు ఒప్పందాల్లో రాయించుకున్నారు. రాష్ట్ర అధికారులు ఆ మాటే మరిచారు. తెగకు కేటాయించిన హద్దులు దాటి చేపపడితే కేసులే!

1974లో ట్రిబుల్ సోదరులు మైక్, ఫ్రెడ్ కావాలనే హద్దు దాటి, మంచుకి కన్నంచేసి చేపని పొడిచారు. అరెస్టయ్యారు. ఆ వివాదం తేలడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఒప్పందంలోని హక్కు చెల్లుతుందని 1983 జనవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. గాలం వేసేవాళ్లకి వేటకాలం మే నెలలోగానీ రాదు. అంతకుముందే వీళ్లు చేపలన్నీ ఊడ్చేస్తే పర్యాటకులు రారనీ, తమ వ్యాపారాలు దెబ్బతింటాయనీ స్థానికులు భయపడ్డారు. భయం కాస్తా ద్వేషమైంది. 1980ల చివర్లో ఏటా వసంతరాత్రుల్లో ఒడ్డున జనం గుమిగూడేవారు. పడవలమీదకి రాళ్లు విసిరేవారు. 'వాలైని కాపాడండి, ఇండియన్‌ని పొడవండి' అన్న బోర్డులు కూడా కనిపించాయి. అలాంటి రాత్రుల్లోనూ పడవలు ఆగలేదు. వేట హక్కు వదులుకుంటే కోట్ల డాలర్లిస్తామని రాష్ట్రం బేరం పెడితే, 1989లో లాక్ డు ఫ్లాంబో ప్రజలు ఓటేసి మరీ వద్దన్నారు! పేదరికం తెలిసినవాళ్లు తీసుకున్న నిర్ణయం అది.

మరి సరస్సులు ఖాళీ అయ్యాయా? లేదు. 1991లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు, తెగల శాస్త్రవేత్తలు కలిసి లెక్కతేల్చారు. వాలైల సంఖ్య బాగానే ఉందన్నారు. గాలాలకి చిక్కే చేపలే బల్లేలకి దొరికేవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అదే ఏడాది, వేటగాళ్లని అడ్డుకోవద్దంటూ ఫెడరల్ జడ్జి బార్బరా క్రాబ్ ఆదేశాలిచ్చారు. ఒడ్డున గుంపులు పల్చబడ్డాయి.

ఇప్పటి బెంగ వేరు. నీళ్లు వేడెక్కుతున్నాయి. చాలా సరస్సుల్లో వాలైల సహజ పునరుత్పత్తి తగ్గింది. అందుకే తెగలవాళ్లు సొంతంగా చేపపిల్లల్ని పెంచి సరస్సుల్లో వదులుతున్నారు.

పడవలు తిరిగొచ్చేసరికి ఒడ్డున లెక్కలు రాసేవాళ్లు సిద్ధంగా ఉంటారు. ప్రతి చేపనీ లెక్కపెడతారు, పొడవు కొలుస్తారు. ఆ సరస్సుకి నిర్ణయించిన సంఖ్య పూర్తయితే ఆ ఏడాదికి అక్కడ వేట బంద్. తెచ్చిన చేపల్లో కొన్ని, పడవెక్కలేని పెద్దవాళ్ల ఇళ్లకి చేరతాయి.