నవ్వు పంచుకొను తల్లిదండ్రులు

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు చెప్పిరి. పరుల లోపమును జూచి నవ్వు నవ్వునకు ఆ మాట తగియే యున్నది. కాని నవ్వులలో మరియొక జాతి గలదు. నడవలేని బిడ్డను, మాటరాని బిడ్డను, వయసుతోపాటు బుద్ధి యెదుగని బిడ్డను పెంచుచున్న తల్లిదండ్రులు ఒకచోట గూడినప్పుడు పుట్టు నవ్వది. దానిని వినిన క్రొత్తవారు విస్తుపోయి, "ఇంత కష్టములో వీరికి నవ్వెట్లు వచ్చుచున్నది?" అని లోలోన ననుకొందురు. కష్టమున్నది గనుకనే ఆ నవ్వు వచ్చుచున్నది.

ఇట్టి బిడ్డ గల యింటికి వచ్చు చుట్టములు రెండు విధములవారు. కొందరు జాలిపడి కన్నీరు పెట్టుదురు. వారి నోదార్చు పని మరల ఆ తల్లిదే యగును. మరికొందరు కారణము వెదకుదురు. పూర్వజన్మ పాపమనియు, గ్రహణమునాడు గర్భిణి కదలినందున నిట్లైనదనియు తీర్పు చెప్పి పోవుదురు. గ్రహణమునకును బిడ్డ వైకల్యమునకును సంబంధము లేదని వైద్యశాస్త్రము చెప్పుచున్నను వారు వినరు. వీరందరి నడుమ తల్లికి నోరు పెగలదు. తనవంటి మరియొక తల్లి యెదుట మాత్రమే ఆమె సంజాయిషీ చెప్పుకొన నక్కరలేదు. అక్కడనే ఆమెకు నోరు విచ్చును, నవ్వును వచ్చును.

చికిత్సాలయములో బిడ్డలు లోపల మాటల నభ్యసించుచుండగా, వరండాలో బల్లలపై కూర్చున్నవారి సంభాషణ యెట్లుండునో వినుడు. ఒకామె, "మా యింట వసకొమ్ము అరగదీసి యరగదీసి నాకించితిమి. పిల్లవానికి మాట రాలేదు గాని, అరగదీసిన మా యత్తగారికి మాటలు రెట్టింపైనవి" అనును. డౌన్ సిండ్రోము గల బాలిక తల్లి యందుకొని, "అందరును మా పిల్లకు తక్కువ, తక్కువ యందురు. లెక్క చూచిన మా పిల్లకే యొకటి యెక్కువ!" అనును. ఆమె పలికినది శాస్త్రమే. సామాన్యముగా మానవ కణములో 46 క్రోమోసోములుండగా, ఇట్టి పిల్లలలో చాలమందికి 47 ఉండునని 1959లో ఫ్రాన్సు దేశమున లెజూన్ మొదలగు పరిశోధకులు ప్రకటించిరి. ఆటిజము గల బాలుని తండ్రి యొకడు మెల్లగా నోరు విప్పును. "సన్మానసభలో నొక పెద్దమనిషి గంటసేపు ఉపన్యసించుచుండగా, మావాడు చెవులు మూసికొని చాలు, చాలు అని యరచెను. నేను సిగ్గుతో తల వంచుకొంటిని. సభ ముగిసిన పిదప పదిమంది వచ్చి మావాని వీపు తట్టిరి" అనును.

ఈ నవ్వులు దేనిమీద పడుచున్నవో గమనింపుడు. ఉచిత సలహాల మీద, లోకము తీరు మీద, తమ యలసట మీద పడుచున్నవేగాని బిడ్డమీద పడుటలేదు. ఇందొక మర్యాద గలదు. మాట రాని బిడ్డకు చెవులు లేవనుకొనరాదు. తన్ను గూర్చి పెద్దలు నవ్విన వానికి తెలియును. వానితో గలసి నవ్వవలెను. అట్లే, నిన్ననే వైద్యునినోట సంగతి విని వచ్చిన క్రొత్త తల్లిని నవ్వుమని తొందరపెట్టరాదు. ఆమెను ముందు ఏడువనిచ్చి, ప్రక్కన కూర్చుండుటయే ఆనాటికి చేయదగిన సాయము.

నవ్వుతో చనువు కలుగును. చనువుతో పనికివచ్చు సంగతులు చేతులు మారును. గోళ్లు తీయనీయని పిల్లవానికి నిద్రలో తీయవలెనను ఉపాయమును, ఒకరు శుభకార్యమునకు పోవునప్పుడు మరియొకరు బిడ్డను కనిపెట్టియుండు నొడంబడికయు ఇట్లే పుట్టును.

పెద్ద సంఘములును ఇట్లే పుట్టినవి. ఇంగ్లండులో జూడీ ఫ్రైడ్ అను తల్లి, బుద్ధి యెదుగుదల కొరవడిన తన కుమార్తెకు తగిన బడి దొరకక, 1946లో తల్లులు చదువు 'నర్సరీ వరల్డ్' అను పత్రికకు ఉత్తరము వ్రాసి, తనవంటివారిని రమ్మని పిలిచెను. ఎందరో తల్లులు తమ దుఃఖమును, కోపమును తెలుపుచు బదులు వ్రాసిరి. ఆనాడు కూడిన సంఘమే నేడు మెన్‌కాప్ అను పేర నడచుచున్నది. మన దేశమున ఇట్టి తల్లిదండ్రుల సంఘములను కలుపు 'పరివార్' అను సమాఖ్య 1995లో ఏర్పడెను. ఇట్టి బిడ్డల శిక్షణకై 1984లో సికింద్రాబాదులో వెలసిన జాతీయ సంస్థ, పేరు మారినను నేటికిని మనోవికాసనగరమున నున్నది.

ఈ కూటములలో నవ్వు ఆగిపోవు ప్రశ్న యొకటి గలదు: "మా తరువాత వీనికి దిక్కెవరు?" దానికి నవ్వుతో బదులు లేదు, కాని తోడుతో కొంత గలదు. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, మేధోవైకల్యము, బహువైకల్యము గలవారికై 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చెను. బిడ్డకు 18 సంవత్సరములు నిండిన పిదప, కన్నవారైనను ఈ చట్టము క్రింద సంరక్షకులు కాదలచిన, జిల్లాలోని స్థానిక సంఘమునకు దరఖాస్తు చేసికొనవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, 40 శాతమునకు తక్కువ గాని వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్యాహక్కు నిచ్చినది. ఈ సంగతులు పెక్కు తల్లులకు కాగితముల వలన గాక, వరండాలో ప్రక్కన కూర్చున్న తల్లి వలననే తెలియుచున్నవి.

సోదరీమణులారా! మన వీధిలో నిట్టి యిల్లు ఉండకపోదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలని తేలినది. ఆ తల్లిని కారణములడుగకుడు, సలహాలీయకుడు. పేరంటమునకు పిలుచునప్పుడు బిడ్డతో గూడ రమ్మనుడు. వాడు పళ్లెము తిరుగవేసిన, తుడిచి మరియొక పళ్లెము పెట్టుడు. పిమ్మట నొకనాడు ఆమెయే తన యింటి ముచ్చట మీకు చెప్పి నవ్వును. అప్పుడు మీరును నవ్వవచ్చును.