వ్యాజ్యమునకు వాకిలి యేది?

కోర్టుకెక్కదలచిన రైతు మొట్టమొదట తేల్చుకొనవలసినది న్యాయము తనవైపున నున్నదా లేదా యనునది కాదు. తన దావాను ఏ న్యాయస్థానమున దాఖలు చేయవలయు ననునది. మనవారు ఈ ప్రశ్నను వకీలునకును, వకీలు తన గుమాస్తాకును విడిచి నిశ్చింతగా నుందురు. ఏండ్లు గడచిన పిమ్మట, ఈ దావాను విచారించు అధికారము ఈ కోర్టునకు లేదని అర్జీదావాను తిరిగి చేతికిచ్చినప్పుడు గాని దాని బరువు తెలియదు. తిరిగి యిచ్చుట కొట్టివేయుట కాదు. తగిన కోర్టులో మరల దాఖలు చేసికొనవచ్చును. సద్బుద్ధితో తప్పుకోర్టులో గడపిన కాలమును 1963 నాటి కాలపరిమితి చట్టము మినహాయించును. కాని మరల సమనులు, మరల వాయిదాలు, మరల సాక్షులను బ్రతిమాలుకొనుట! ఈలోపల సాక్షులలో నొకడు కాలధర్మము నొందినచో ఏ చట్టమును వానిని బోనెక్కింపజాలదు.

న్యాయస్థానములకు మెట్లుండుట మనకు క్రొత్త గాదు. బంధుజనము, ఒకే వృత్తివారి శ్రేణి, ఊరివారి పూగము, వానిపై రాజు నియమించిన అధికారులు అను తరతమక్రమమును యాజ్ఞవల్క్యుడు చెప్పియున్నాడు. క్రింది మెట్టున తేలనిది పై మెట్టునకు పోవును. ఆంగ్లేయులు 1802లో చెన్నరాజధానిలో జిల్లాకోర్టులను నెలకొల్పినప్పుడు ఈ మెట్ల నుపేక్షించి, దూరముగా నున్న యొక్క జడ్జీ ముందర సర్వమును కుప్పవోసిరి. దావాలు పేరుకొనిపోయినవి. అందుచేత మన్రో 1816లో గ్రామమున గ్రామమున్సిఫును, పంచాయతీని, వారిపై జిల్లామున్సిఫును నిలిపెను. ఈ మేలుతోడనే ఒక కీడును వచ్చినది: జిల్లాజడ్జీ చేతినుండి మెజిస్ట్రేటు అధికారమును తీసి కలెక్టరున కొప్పగించిరి. పన్ను వసూలుచేయువాడే శిక్షించువాడయ్యెను. కాంగ్రెసు పుట్టిన తొలి యేండ్లనుండియు ఈ ముడిని విప్పుడని కోరుచు వచ్చినది. హైదరాబాదు సంస్థానమున 1921లోనే ఈ విభజనకు పూనుకొనిరి. మన రాజ్యాంగము 50వ అధికరణమున దీనిని ప్రభుత్వమునకు విధిగా జెప్పినది. 1974 ఏప్రిలు 1న అమలునకు వచ్చిన క్రిమినలు ప్రొసీజరు కోడు దేశమంతట దానిని స్థిరపరచినది.

సివిలు కోర్టులకు 1873 నాటి మద్రాసు చట్టము ఏర్పరచిన మూడు మెట్లే నేటికిని నిలిచియున్నవి: జిల్లామున్సిఫు, సబుజడ్జి, జిల్లాజడ్జి. ఆంధ్రప్రదేశమునకు 1972లో వేరు చట్టము వచ్చినది. తరువాత మున్సిఫు జూనియరు సివిలు జడ్జి యయ్యెను, సబుజడ్జి సీనియరు సివిలు జడ్జి యయ్యెను. పల్లెలలో పెద్దలు ఇప్పటికిని మున్సిఫుకోర్టనియే యందురు. మాకును ఆ పేరే చెవికింపుగా నున్నది.

ఏ దావా ఏ మెట్టున కనునది ప్రధానముగా సొమ్మును బట్టి తేలును. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 15వ సెక్షను ప్రకారము, విచారింపదగిన కోర్టులలో కెల్ల క్రిందిదానియందే దావా వేయవలయును. దావాకు వెలకట్టువాడు వాది. కట్టు విధమును 1956 నాటి కోర్టుఫీజుల చట్టము నిర్ణయించును. ఉమ్మడి ఆస్తిలో పాలివాడు అనుభవములో నున్నప్పుడు భాగమునకై దావా వేసిన స్వల్పమైన నిర్ణీత రుసుముతో పోవును. వానిని వెళ్లగొట్టియున్నచో, వాని భాగపు విలువనుబట్టి రుసుము చెల్లింపవలయును. కావున "నేను అనుభవములో నున్నాను" అను నొక్క వాక్యము కొన్ని వేల రూపాయల విలువ చేయును. అన్నదమ్ముల దావాలలో ఈ వాక్యముమీదనే మొదటి యుద్ధము జరుగుటకు కారణ మిదియే.

వెల యెక్కువ తక్కువలు రుసుముతోనే ముగియవు. అప్పీలు త్రోవ మొదటి వాకిటనే నిర్ణయమగును. క్రిందికోర్టులో తేలిన దావాపై మొదటి అప్పీలు జిల్లాలోనే ముగియును. హైకోర్టునకు రెండవ అప్పీలు పోవలయునన్న గణనీయమైన న్యాయప్రశ్న యుండవలయునని 1976 నాటి సవరణ విధించినది. సాక్ష్యమును తప్పుగా తూచినారని మొరపెట్టుకొన్నంత మాత్రమున అచట వినరు. జిల్లాకోర్టులోనే ఆరంభమైన దావాపై అప్పీలన్ననో, నేరుగా హైకోర్టునకు పోయి, సాక్ష్యమును సైతము మొదటినుండి తిరిగి తూచుకొనవచ్చును. ధనవంతుని తగవునకు హైకోర్టులో మరియొకసారి సాక్ష్యవిచారణ దొరకును, పేదవాని తగవునకు దొరకదు. ఆ పేదవానికి తన తగవు జీవనాధార మనునది ఈ లెక్కలో రాదు.

రెండవ వైపునను కష్టమున్నది. 1873లో మున్సిఫుకోర్టు హద్దు 2500 రూపాయలు. నాడది పెద్దరైతు తగవులను సైతము చాలవరకు పట్టగలిగినది. తరువాత హద్దును ఎన్నిమారులు పెంచినను భూమి ధర దానికంటె వేగముగా పరుగెత్తుచు వచ్చినది. పట్టణముచెంతనున్న ఎకరము భూమి ఒక యేడు మున్సిఫు హద్దులో నుండి, రోడ్డు పడిన మరుసటి యేడు దానిని దాటిపోవును. భూమి యదియే, రైతు వాడే. కోర్టు మాత్రము దూరమైనది. హద్దును చట్టసభలు ఎప్పుడో యొకప్పుడు జ్ఞాపకము వచ్చినప్పుడు పెంచుట మాకు సమ్మతము కాదు. కొన్నియేండ్ల కొకమారు భూమి ధరలను చూచి సవరించు పద్ధతి యేర్పడవలయును.

స్థలవిభాగమున భూమి యున్నచోటనే దావా యనునది ప్రధానసూత్రము. అప్పు, ఒప్పందము మొదలగు తగవులకు ప్రతివాది నివాసమో, తగవు పుట్టినచోటో చాలును. ఇచ్చట ఒక చిక్కు చెప్పవలసియున్నది. రెవెన్యూజిల్లా వేరు, న్యాయమండలము వేరు. తెలంగాణమున జిల్లాలు పెరిగిన పిమ్మట 2022 జూన్ 2న వానికి సరిపోవునట్లు క్రొత్త న్యాయమండలములు ఏర్పడినవి. ఆంధ్రప్రదేశమున అదే యేడు 13 జిల్లాలు 26 ఐనను న్యాయమండలములు వానితోపాటు చీలలేదు. బెజవాడ వేరు జిల్లాకు ముఖ్యపట్టణ మైనప్పటికిని దాని ప్రధాన జిల్లాకోర్టు పీఠము బందరులోనే నిలిచినది. ప్రతివాదికి స్థలాధికారముపై ఆక్షేపణ యున్నచో తొలుదొలుతనే చెప్పవలయును. ఊరకుండి, ఓడిన పిమ్మట అప్పీలులో లేవదీసిన, దానివలన అన్యాయము జరిగినదని చూపనిదే చెల్లదు.

క్రిమినలు కేసులలో విభజన సొమ్మును బట్టి గాక శిక్షను బట్టి జరుగును. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము మొదటితరగతి మెజిస్ట్రేటు 3 సంవత్సరముల వరకును, చీఫ్ జ్యుడీషియలు మెజిస్ట్రేటు 7 సంవత్సరముల వరకును ఖైదు విధింపవచ్చును. హత్యవంటి ఘోరనేరములు సెషన్సుకోర్టునకే చెందును. మెజిస్ట్రేటు వానిని విచారింపడు. కాగితములు ముద్దాయికిచ్చి సెషన్సునకు పంపును. సెషన్సుజడ్జి ఉరిశిక్ష విధించినను హైకోర్టు స్థిరపరచనిదే అది అమలు కాదు.

చదువరులలో పెక్కురు గమనింపని సంగతి యొకటి కలదు. జిల్లాజడ్జియే సెషన్సుజడ్జి, చిన్నపట్టణములలో జూనియరు సివిలు జడ్జియే మెజిస్ట్రేటు. ఉదయము ముద్దాయిల హాజరు, చెల్లని చెక్కుల కేసులు. మధ్యాహ్నము గట్టుతగాదాలు, భాగపంపిణీలు. చెక్కు చెల్లకుండుటను 1988 నాటి సవరణ నేరముగా జేసినది మొదలు బాకీవసూళ్లు పెక్కులు మెజిస్ట్రేటు బల్లపై వచ్చిపడినవి. రిమాండులో నున్న ముద్దాయి విషయము ముందు చూడవలసినదే, కాదనలేము. ఆ తొందరలో వెనుకబడునది భూమి దావా.

కుటుంబ న్యాయస్థానములు (1984), వాణిజ్య న్యాయస్థానములు (2015) మొదలగు ప్రత్యేక కోర్టుల సంగతి ఇచ్చట విస్తరింపము. వాణిజ్య వివాదములకు మొదట కోటి రూపాయలుగా నుండిన కనీసపు విలువను 2018లో 3 లక్షలకు దింపిరనుట వర్తకులు తెలిసికొనిన చాలును.

ఇక భూస్వాములు అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది కోర్టునకును కచ్చేరికిని నడుమ నున్న సరిహద్దు. పట్టాదారు పేరు మారినంతమాత్రమున హక్కు పుట్టదు, పోదు. హక్కును తేల్చునది సివిలుకోర్టని సుప్రీముకోర్టు పలుమారులు చెప్పినది. ఐనను ఈ సరిహద్దును జరుపుటకు యత్నములు జరుగుచునే యున్నవి. తెలంగాణమున 2020 నాటి చట్టము రెవెన్యూకోర్టుల నెత్తివేసి, చిన్న తప్పును సైతము సివిలుకోర్టునకే పొమ్మన్నది. అడంగలులో అక్షరదోషమునకు దావా వేయవలసి వచ్చెను. దానిని రద్దుచేసిన 2025 నాటి భూభారతి చట్టము అధికారుల ముందు అప్పీలునకు మరల తావిచ్చినది. ఆంధ్రప్రదేశమున దీనికి విపరీతముగా, భూమిహక్కును హక్కుల అధికారియే తేల్చునట్లును, సివిలుకోర్టు వాకిలి మూయునట్లును ఒక చట్టము వచ్చినది. న్యాయవాదులు కోర్టులు విడిచి వీథుల కెక్కిరి. 2024లో దానిని రద్దుచేసిరి. లెక్కలోని తప్పును దిద్దుట అధికారి పని, ఇద్దరిలో భూమి యెవ్వరిదని తీర్పు చెప్పుట న్యాయాధిపతి పని. బదిలీకి భయపడువాడును, మంత్రి పిలుపునకు లేచి నిలుచువాడును ఆ తీర్పు చెప్పదగడు.

మన్యప్రాంతముల సంగతి వేరు. 1839 నాటి చట్టము గంజాము, విశాఖపట్టణముల మన్యమును సాధారణ కోర్టులనుండి తప్పించి కలెక్టరు నేజెంటుగా జేసినది. నేటికిని 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాని 1970 నాటి సవరణల క్రింద వచ్చు తగవులను మొదట వినునది స్పెషలు డిప్యూటీ కలెక్టరు. గిరిజనుని భూమిని గిరిజనేతరుని చేతబడకుండ కాపాడు ఆ నిబంధనను మేము సంపూర్ణముగా సమర్థించుచున్నాము, అది సడలరాదు. మా ఆక్షేపణ పీఠముపైన నున్నవాని గూర్చి. మైదానపు రైతునకు న్యాయాధిపతి కావలయునని కోరిన మేము, కొండపైనున్న కోయ రైతునకు డిప్యూటీ కలెక్టరు చాలునని యెట్లనగలము? అదే నిబంధనను అమలుచేయుటకు న్యాయశాఖవారితో కూడిన కోర్టును రంపచోడవరము, పాడేరు, భద్రాచలమువంటి చోట్ల నెలకొల్పుట రెండు ప్రభుత్వములకును అసాధ్యము కాదు.