కాలదోషము

నేడు నేను ముచ్చటింపదలచిన విషయము కాలదోషము. ఈ మాట మీకు క్రొత్తది కాదు. "ఆ నోటుకు కాలదోషము పట్టినది" అని పల్లెలలో తరచుగ వినుచునే యుందుము. అయినను ఈ దోషమెట్లు పట్టును, పట్టకుండుటకు ఉపాయమేమి, పట్టినపిదప మిగులునదేమి అని విచారించువారు తక్కువ.

చట్టమునం దొక మూలసూత్రము కలదు. హక్కు వేరు, దానిని న్యాయస్థానమున సాధించుకొను మార్గము వేరు. హక్కున్నవాడు ఎన్నేండ్లకైనను కోర్టుకెక్కవచ్చు నన్నచో లోకవ్యవహారము సాగదు. సాక్షులు గతింతురు, ఉన్నవారికి జ్ఞాపకము సన్నగిల్లును, రసీదులు చెదలపాలగును. తాత తీర్చిన బాకీకి మనుమనిపై దావా వచ్చినచో వాడేమి చూపి బయటపడగలడు? అందుచేతనే ఒక్కొక్క విధమగు దావాకు ఒక్కొక్క గడువు నేర్పరచిరి. మన దేశమున నిప్పు డమలులోనున్నది 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము. అంతకుముందు 1908 నాటి చట్టముండెను.

అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసియిచ్చిన ప్రాంసరీ నోటుకు గడువు 3 సంవత్సరములు. ఈ లెక్క బాకీ అడిగిన నాటినుండి కాదు, నోటు తేదీనుండియే. 2022 జూన్ 15న వ్రాసిన నోటుకు 2025 జూన్ 15తో గడువు తీరినది. ఆ దినము ఆదివారము. కోర్టు మూసియున్న దినమున గడువు తీరినచో, మరల తెరచిన దినమున దావా వేయవచ్చును. ఆ దినము దాటెనా, ప్రతివాది నోరు మెదపకున్నను న్యాయాధికారి దానిని కొట్టివేయవలసినదే. ఆలస్యమును మన్నింపుడని వేడుకొను వీలు అప్పీళ్లకును కొన్ని అర్జీలకును కలదు గాని, దావాలకు లేదు.

గడువు తీరకముందే దానిని క్రొత్తగ ప్రారంభింపజేయు మార్గములు రెండు. ఋణస్థుడు తాను బాకీయున్నట్లు వ్రాతమూలకముగ నొప్పుకొని సంతకము చేయుట యొకటి. కొంత సొమ్ము చెల్లించుట రెండవది. ఆ చెల్లు ఋణస్థుని చేవ్రాతతోనైనను, అతని సంతకముతోనైనను ఉండవలెను. ఋణదాత తానొక్కడే నోటు వెనుక చెల్లు వ్రాసికొనిన ప్రయోజనము లేదు.

ఇచ్చట పెద్దలకు నేను ముఖ్యముగ మనవిచేయునది యొకటి కలదు. తగవు వచ్చినప్పుడు "సంక్రాంతి వెళ్లనిండు, పంట ఇంటికి రానిండు" అని మంచిమాటతో వాయిదా వేయుట మనకు వాడుక. రచ్చబండకడ మాటలు సాగుచున్నంత మాత్రమున గడువు నిలువదు. నోటిమాటకును, ఋణదాత పంపు నోటీసునకును దానిని పెంచు శక్తి లేదు. మీ మంచితనమే యొక దిక్కులేని విధవ సొమ్మును నీట గలుపవచ్చును. కావున మొట్టమొదట నోటు తెప్పించి తేదీ చూడుడు. గడువు దగ్గరపడినచో ఋణస్థునిచే వ్రాయించి సంతకము చేయించుడు. అతడొప్పనిచో దావా వేయించి, పిదప రాజీ మాటలాడుడు. దావా నడుచుచుండగ రాజీపడుటకు అభ్యంతరము లేదు.

భూమి విషయ మింకను గంభీరమైనది. పరుడొకడు యజమాని హక్కును కాదని, బహిరంగముగ, ఎడతెగక 12 సంవత్సరము లనుభవించినచో, యజమానికి దావా మార్గమే కాదు, భూమిపై హక్కే పోవును. సర్కారు వేయు దావాకు ఈ గడువు 30 సంవత్సరములు. అయితే కౌలుకుగాని, అనుమతిమీదగాని ఉన్నవాని అనుభవ మెంతకాలము సాగినను, అంతమాత్రముచేత హక్కుగా మారదు.

హక్కు కలిగిన నాటికి మైనరుగ నున్నవాడు మేజరైన పిదప దావా వేయవచ్చును. కాని యిట్లు లభించు వెసులుబాటు మేజరైన నాటినుండి 3 సంవత్సరములకు మించదు. తండ్రిలేని పిల్లల బంధువు లీ మాట మరువరాదు.

కాలదోషము పట్టిన ఋణము ఋణము కాకపోదు. కోర్టు మార్గము మాత్రమే మూసికొనిపోయినది. ఋణస్థుడు ధర్మమునకు వెరచి చెల్లించినచో మరల తిరిగి యడుగజాలడు. ఆ పాత బాకీ తీర్చెదనని అతడు సంతకముతో వాగ్దానపత్రము వ్రాసియిచ్చినచో, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకార మది చెల్లును. దానిపై దావా వేయవచ్చును.

ఖర్చులకు వెరచి గడువు దాటనిచ్చువారు కలరు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, బాలురకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, మరికొందరికిని ఉచితముగ న్యాయసహాయము లభించును. అందుకై జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ యిచ్చిన చాలును.

మీ యూరిలో ఎందరి పెట్టెలలో పాత నోట్లున్నవో మీకే తెలియును. రేపే వానిని తీయించి తేదీలు చదివించుడు. సెలవు.